బెంగళూరులో పిల్లల బడిని లెక్క అడగడం ఎలా?

మా లేఅవుట్‌లో నాలుగు అపార్ట్‌మెంట్లు దాటితే సర్కారు బడి. దాని వెనక సందులో రెండు ప్రైవేటు స్కూళ్లు. కదిరి నుంచి వాచ్‌మన్ పనికి వచ్చినవాళ్ల పిల్లలు, కర్నూలు నుంచి సెంట్రింగ్ పనికి వచ్చినవాళ్ల పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలు, చాలామంది ఈ మూడింటిలోనే సర్దుకున్నారు. సాయంత్రం కూరగాయల బండి దగ్గర నిలబడితే తెలుగులో ఒకటే మాట వినిపిస్తుంది: "ఏం చెప్తున్నారో ఏమో, పిల్లకి ఏమీ రావట్లేదు."

ఏమీ రావట్లేదంటే, సరిగ్గా ఏం రావట్లేదు? ఎవర్ని అడగాలి? ఏ కాగితం చూపించమనాలి? అక్కడికి వచ్చేసరికి అందరం నోరు మూసుకుంటాం. కన్నడ సరిగా రాదని ఒక బెరుకు. టీచరు మనసులో పెట్టుకుని పిల్లని సతాయిస్తారేమోనని ఇంకో భయం. నేనూ రెండేళ్లు అలాగే గడిపాను.

ప్రతి బడి గురించీ, ప్రతి పిల్ల గురించీ ప్రభుత్వం దగ్గర బోలెడు లెక్కలుంటాయి. వాటిని రాసి పంపేది బడివాళ్లే. పక్కన కూర్చుని సరిచూసే మనిషి లేకపోతే ఆ లెక్కలెప్పుడూ ముచ్చటగానే ఉంటాయి. ఆ పక్కన కూర్చోవడం ఎలాగో, నేను నేర్చుకున్న వరుసలో చెప్తాను.

ముందు ఇంట్లో పది నిమిషాలు

బడిని అడిగే ముందు మీ పిల్లకి ఏం వచ్చో మీకు తెలియాలి. మార్కుల కార్డు పక్కన పెట్టండి. పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి అయితే రెండో తరగతి పుస్తకం తీయండి. పాత పుస్తకం లేకపోతే కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్లలో చేస్తున్న అసర్ సర్వేలోనూ పద్ధతి ఇలాంటిదే. ముందు ఒక చిన్న పేరా ఇచ్చి చదవమంటారు. అది వస్తే రెండో తరగతి స్థాయి చిన్న కథ, రాకపోతే పదాలు, చివరికి అక్షరాలు.

ఒక జాగ్రత్త. మా కింది ఇంటి పాప నాలుగో తరగతి. ఇంగ్లీషు పాఠం గడగడా చదివింది, వాళ్లమ్మ మొహం వెలిగిపోయింది. నేను బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, పాఠం మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇక్కణ్నుంచి చదువు తల్లీ" అన్నాను. పాప ఆగిపోయింది. నా వేలి వంక చూసింది, వాళ్లమ్మ వంక చూసింది, మళ్లీ మొదటి లైను నుంచి అందుకుంది. పాఠం మొత్తం బట్టీ! అలా చదివి చదివి నా వేలున్న చోటికి వచ్చి, గుక్క తిప్పుకోకుండా దాటి వెళ్లిపోయింది. కాబట్టి ఎప్పుడూ మధ్యలోంచి అడగండి, బొమ్మ మూసి అడగండి.

లెక్కలకి రెండు చాలు. 52లోంచి 27 తీసెయ్యమనండి. అప్పు తెచ్చుకోవడం వచ్చో లేదో తేలిపోతుంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలైతే మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమనండి.

బడి ఏ మీడియమో ఆ భాషలో చదివించండి. కన్నడ మీడియం అయితే మీకు చదవడం రాదని వెనక్కి తగ్గొద్దు. మన లిపి, వాళ్ల లిపి అన్నదమ్ములు. తలకట్టు తీరు, ఓ పది అక్షరాల తేడా పట్టుకుంటే వారంలో బస్సు బోర్డులు చదివేస్తారు, నెలలో స్కూలు నోటీసు చదివేస్తారు. ఇది నిజంగా చేయదగ్గ పని. తర్వాత చెప్పబోయే వాటిలో సగం దీనితో తేలికవుతాయి.

ఫలితాన్ని ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి రాయండి. "జూన్ 20, పేరా ఆగి ఆగి చదివింది, తీసివేత రాలేదు." ఇంతే. పిల్లని తిట్టకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. మూడు నెలల తర్వాత అదే పరీక్ష మళ్లీ పెట్టండి. బడిలో మాట్లాడేటప్పుడు ఈ నోట్‌బుక్కే మీ చేతిలో ఉండాలి.

రెండు నంబర్లు రాసుకోండి

ఒకటి బడిది, యూడైస్ కోడ్. దేశంలో ప్రతి బడికీ కేంద్ర విద్యాశాఖ లెక్కల్లో ఉండే నంబరు. పదకొండు అంకెలుంటాయి, కర్ణాటక బడి అయితే 29తో మొదలవుతుంది. రెండోది పిల్లది, స్యాట్స్ నంబరు. స్టూడెంట్ అచీవ్‌మెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అని దాని పూర్తి పేరు. పిల్ల చేరిక, తరగతి, పరీక్షల మార్కులు, టీసీ అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. ఎఫ్ఏ, ఎస్ఏ అని ఏడాది పొడవునా పెట్టే పరీక్షల మార్కులు బడివాళ్లు అందులో ఎక్కిస్తారు. "మా పాపవి స్యాట్స్‌లో ఏం ఎక్కించారో ఒకసారి చూపిస్తారా" అని ఆఫీసులో అడగండి. ఇంటికి పంపిన కార్డులోనూ అందులోనూ ఒకే అంకెలు ఉండాలి.

ఇక్కడ మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. ఆంధ్రా, తెలంగాణల్లో తీసుకున్న ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి బడిలో పేరు రాసి చివర ఒక ఇనిషియల్ పెడతారు. అక్కడ "కొండవీటి లాస్య", ఇక్కడ "లాస్య కె". ఐదో తరగతిలో ఇది ఎవరికీ పట్టదు. ఎస్ఎస్ఎల్‌సీకి, అంటే ఇక్కడి పదో తరగతి బోర్డు పరీక్షకి, పేరు రిజిస్టరు చేసేటప్పుడు స్యాట్స్‌లో ఉన్నదే వెళ్తుంది, మార్కుల కార్డు మీద అదే అచ్చవుతుంది. ఆ తర్వాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఎనిమిదో తరగతిలోపే సరిచూసుకోండి.

యూడైస్ కోడ్‌తో ఏం చేయొచ్చంటే, యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో "నో యువర్ స్కూల్" అనే చోట ఆ కోడ్ కొడితే బడి పేజీ వస్తుంది. ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, గదులు, మరుగుదొడ్లు, నీళ్లు వగైరా. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లుండాలి. 61 నుంచి 90కి ముగ్గురు, 91 నుంచి 120కి నలుగురు, 121 నుంచి 200కి ఐదుగురు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే ముప్పై ఐదు మందికి ఒకరి లెక్కన. పేజీలో ఉన్న అంకెని ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. కాకపోతే ఆ పేజీ నింపేది బడివాళ్లేనని మర్చిపోవద్దు. పేజీలో ఆడపిల్లల మరుగుదొడ్డి "పనిచేస్తోంది" అని ఉంటుంది. తలుపుకు తాళం ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా అన్నది మీ పాపే చెప్పాలి.

ఫ్లెక్సీని ఎలా చదవాలి

మే నెల వస్తే సర్కిల్ దగ్గర ఫ్లెక్సీలు. "నూటికి నూరు శాతం." పక్కన టాపర్ల ఫోటోలు, పైన యాజమాన్యం ఫోటో ఇంకా పెద్దగా. అది చూసి అడ్మిషన్‌కి పరిగెత్తకండి.

పాసైనవాళ్లని పరీక్ష రాసినవాళ్లతో భాగిస్తే వచ్చేది పాస్ శాతం. బడిలో చేరినవాళ్లు అందులో లేరు. ఎనిమిదో తరగతిలో అరవై రెండు మంది ఉన్నారనుకోండి. తొమ్మిదిలో "మీవాడికి ఇక్కడ కష్టం, వేరే చోట చూసుకోండి" అని ఇరవై ఒక్క మందికి టీసీ చేతిలో పెట్టారనుకోండి. మిగిలిన నలభై ఒక్క మంది రాసి అందరూ పాసైతే ఫ్లెక్సీ మీద నూరు శాతమే. ఎనిమిదో తరగతి నుంచి లెక్కేస్తే అరవై ఆరు. అందుకే ఏ స్కూల్లోనైనా అడగాల్సిన ప్రశ్న ఇది: "ఈసారి పది రాసిన బ్యాచ్, ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉండేవాళ్లు?" ఈ ప్రశ్నకి రిసెప్షన్‌లో జవాబు దొరకదు. ప్రిన్సిపాల్ దగ్గర దొరక్కపోతే, దొరక్కపోవడాన్ని కూడా రాసుకోండి.

రాష్ట్రం మొత్తం అంకెలు కూడా ఇలాగే జాగ్రత్తగా చూడాలి. 2023లో కర్ణాటక ఎస్ఎస్ఎల్‌సీ పాస్ శాతం 83.89. 2024లో కాపీలు ఆపడానికి పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ మొదలుపెట్టారు. ఆ ఏడాది పాస్ కావడానికి కావలసిన మార్కుల్ని ఆ ఒక్కసారికి తగ్గించి, గ్రేస్ మార్కులు పెంచిన తర్వాత కూడా 73.40 దగ్గర ఆగింది. 2025లో ఆ అదనపు గ్రేస్ తీసేశారు. మొదటి పరీక్షలో 62.34. రెండేళ్లలో పిల్లల తెలివి ఇరవై శాతం ఆవిరైపోలేదు కదా. మా బంధువు ఒకాయన ఫోన్‌లో "కర్ణాటక చదువులు నాశనమైపోయాయి" అని బాధపడ్డాడు. నాకు మాత్రం 62.34 ముందటి అంకెల కంటే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అది చేదుగా ఉండటం వేరే విషయం. మీ బడి ఫలితాల్ని పోల్చేటప్పుడు ఒక్క ఏడాది అంకె చూడకండి, ఈ మూడేళ్లవీ పక్కపక్కన పెట్టి చూడండి. కెమెరాలు వచ్చాక కూడా పెద్దగా కుదుపు లేకుండా నిలబడిన బడి ఏదైనా ఉంటే, అక్కడ చదువు జరుగుతోందని నమ్మొచ్చు. అది గవర్నమెంటు హైస్కూలే కావొచ్చు కూడా.

ఫెయిలైతే భయపడొద్దని కూడా చెప్పాలి. 2024 నుంచి ఒకే ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువ పరీక్షలున్నాయి. మొదటిది పోతే అదే ఏడాది మళ్లీ రాయొచ్చు.

సీబీఎస్ఈ స్కూలు అయితే మీ పని ఇంకా సులువు. స్కూలు వెబ్‌సైట్‌లో "మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్" అనే పేజీ ఉండి తీరాలి. గుర్తింపు కాగితాలు, ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్టు, ఫీజు వివరాలు, టీచర్ల సంఖ్య, గత మూడేళ్ల బోర్డు ఫలితాలు, ఎంతమంది రిజిస్టరయ్యారు, ఎంతమంది పాసయ్యారు, అన్నీ అందులో ఉండాలి. సాధారణంగా హోమ్ పేజీకి అట్టడుగున చిన్న అక్షరాల్లో పడేస్తారు. వెతకండి.

మీటింగుకు వెళ్లండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మనవాళ్లు అందరికంటే తక్కువ చేసేదీ ఇదే.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద సర్కారు బడుల్లో, ఎయిడెడ్ (ప్రభుత్వ గ్రాంటు అందే ప్రైవేటు) బడుల్లో కమిటీ ఉండాలి. కర్ణాటకలో దాన్ని ఎస్‌డీఎంసీ అంటారు, స్కూల్ డెవలప్‌మెంట్ అండ్ మానిటరింగ్ కమిటీ అని. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. అధ్యక్ష స్థానంలో తల్లో తండ్రో ఉంటారు, హెడ్‌మాస్టరు కార్యదర్శి. బడి ఎలా నడుస్తోందో చూడటం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, ఇవన్నీ చట్టంలో సర్కారు బడి కమిటీకి రాసిచ్చిన పనులు. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ స్కూళ్లకి ఈ సెక్షన్ వర్తించదు, అక్కడ పేరెంట్స్ మీటింగే మీ వేదిక.

మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయిది హిందూపురం దగ్గర ఊరు. కూతురు సర్కారు బడిలో నాలుగో తరగతి. ఆమె కమిటీ సభ్యురాలని ఆమెకే తెలియదు! నెలకోసారి ఎవరో రిజిస్టరు తెచ్చి "ఇల్లి సైన్ మాడి, అష్టే" అంటే సంతకం పెట్టి పంపేస్తోంది. ఇక్కడ సంతకం పెట్టండి, అంతే, అని. ఒకసారి ఆమెతో నేనూ వెళ్లాను. రిజిస్టరు తెరిస్తే ఆమె సంతకానికి పైన పేజీ మొత్తం ఖాళీ. మీటింగులో ఏం మాట్లాడారో తర్వాత రాసుకుంటారన్నమాట. నేను పెద్దగా ఏమీ అనలేదు. "పైన రాసేయండి మేడమ్, చదివి పెడుతుంది" అన్నాను. పది నిమిషాలు పట్టింది. రాసిన దాంట్లో కొత్తగా కొన్న కుర్చీల సంగతి ఉంది. ఆమె గది వైపు తల తిప్పి చూసి, "కుర్చీలు ఎక్కడక్కా?" అంది నాతో తెలుగులో. కుర్చీలు ఇంకా రాలేదట, ఆర్డరు పెట్టారట. ఆ ముక్క కూడా రాయించాం.

కాబట్టి ఖాళీ పేజీ కింద సంతకం పెట్టకండి. మీటింగులో ఈ మూడే అడగండి: తరగతిలో ఎంతమంది పిల్లలకి చదవడం రాదు? ఏ టీచరు పోస్టు ఖాళీగా ఉంది, ఎప్పటినుంచి? పోయిన మీటింగులో అనుకున్నది ఏమైంది? మొదటి ప్రశ్నని కన్నడలో బట్టీ పట్టేయండి: "నాల్కనే క్లాస్‌నల్లి ఎష్టు మక్కళిగె ఓదోకె బరల్ల, మేడమ్?" మన యాసకి నవ్వితే నవ్వనివ్వండి. జవాబు మాత్రం రిజిస్టరులో పడాలి.

టీచరుతో మాట్లాడేటప్పుడు

నోట్‌బుక్ తీసుకెళ్లండి. "మీరేం చెప్పట్లేదు" అని మొదలుపెడితే మాట అక్కడితో తెగిపోతుంది. "జూన్‌లో తీసివేత రాలేదు, సెప్టెంబరులోనూ రాలేదు. ఇంట్లో ఏం చేయించమంటారు?" అని అడిగితే సాధారణంగా టీచరు కూడా తన గోడు చెప్పుకుంటారు. వాళ్ల గోడులో నిజముంది. 2025లో రాష్ట్రంలో సామాజిక, విద్యా సర్వేకి టీచర్లని పంపించి, అది పూర్తికాక దసరా సెలవుల్ని అక్టోబరు 18 దాకా పొడిగించారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప వేరే పనులకి టీచర్లని వాడకూడదు. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదిలో 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 ఉండాలంటుంది. పోయిన రోజుల్ని ఎలా భర్తీ చేస్తారని అడిగే హక్కు మీకుంది. అయితే ఆ తప్పు ఎదురుగా కూర్చున్న టీచరుది కాదని తెలుసుకుని అడగండి.

వాట్సాప్‌లో వచ్చే పాలసీ వార్తలు

"ఐదో తరగతికి బోర్డు పరీక్షట." "మూడో భాష తీసేశారట." ఇలాంటివి వస్తే కంగారు పడకుండా, జతచేసిన కన్నడ కాగితంలో ఒక్క మాట వెతకండి. "వరది" అంటే నివేదిక, "శిఫారసు" అంటే సిఫార్సు. అది ఇంకా అమల్లోకి రాలేదు. "ఆదేశ", "సుత్తోలె" అని ఉంటే ఉత్తర్వు, సర్క్యులర్ అన్నట్టు. అప్పుడు తేదీ చూసి బడిలో అడగండి. రాష్ట్ర విద్యా విధానం కోసం సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన వేసిన కమిషన్ 2025 ఆగస్టులో ఇచ్చింది వరదే. రెండు భాషల విధానం, ఐదో తరగతి దాకా కన్నడ లేదా మాతృభాషలో బోధన అన్నవి అందులోని సిఫార్సులు. ఉత్తర్వు వచ్చినా కోర్టులో ఆగొచ్చు. 5, 8, 9 తరగతుల బోర్డు పరీక్షలు 2024 మార్చిలో హైకోర్టులో ఒకసారి రద్దయి, మళ్లీ జరిగి, ఏప్రిల్‌లో ఫలితాలు సుప్రీంకోర్టులో ఆగిపోయాయి. మధ్యలో పిల్లలకి ఒకటే టెన్షన్.

కాగితం పెట్టడం

నోటిమాట రెండుసార్లు చెప్పినా కదలిక లేకపోతే రాయండి. ముందు హెడ్‌మాస్టరుకి, తర్వాత చుట్టుపక్కల కొన్ని బడుల్ని కలిపి చూసే సీఆర్‌పీకి (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), ఆపైన బీఈఓకి (బ్లాక్ విద్యాధికారి), చివరికి విద్యా జిల్లా అధికారి డీడీపీఐకి. బెంగళూరు నగరంలో నార్త్, సౌత్ అని రెండు విద్యా జిల్లాలు. మీ బడి ఎందులో ఉందో యూడైస్ పేజీలోనే ఉంటుంది. ఒకే విషయం రాయండి. నేను రాసింది ఇంచుమించు ఇలా ఉండేది, కన్నడ తెలిసిన ఒకావిడ తర్జుమా చేసిపెట్టింది:

"హెడ్‌మాస్టరు గారికి నమస్కారం. నా కూతురు మీ బడిలో ఏడో తరగతి, స్యాట్స్ నంబరు ఫలానా. జూలై 8 నుంచి ఈ తరగతికి లెక్కల టీచరు లేరు. ఈ మధ్యలో లెక్కల పీరియడ్లు ఎవరు తీసుకున్నారో, కొత్త టీచరు ఎప్పుడు వస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

కోపం, సలహాలు, దేశం ఎటు పోతోందన్న బాధ ఏమీ అందులో లేవు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. సీలు లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

పిల్లని కొట్టినా, చేర్చుకోడానికి ఒప్పుకోకపోయినా, బడి నుంచి పంపేసినా విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వొచ్చు. మూడు నెలల్లో తేల్చాలి. తేలింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

అంకెలు మాత్రమే కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఫీజు పది రూపాయలు. కర్ణాటక నిబంధనల్లో ఒక మెలిక ఉంది: ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. మనకేమో రాయడం మొదలుపెడితే రామాయణమే. అందుకే ప్రశ్నలు విడగొట్టండి. ఒక దరఖాస్తులో ఎనిమిదో తరగతి నుంచి పది దాకా మూడేళ్లుగా ఏ ఏటికాయేడు పిల్లల సంఖ్య. ఇంకో దరఖాస్తులో బడికి వచ్చిన గ్రాంటు, ఖర్చు. జవాబుకి గడువు 30 రోజులు. దరఖాస్తు ఇచ్చి ఇంటికి రాగానే క్యాలెండర్‌లో ముప్ఫయ్యో రోజు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి. ఆ రోజు దాటినా కవరు రాకపోతే, మొదటి అప్పీలుకి మీ చేతిలో ఇంకో ముప్పై రోజులుంటాయి. అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి ఇవ్వాలి. సీలు వేసిన పాత కాపీ జిరాక్సు జతచేయడం మర్చిపోకండి.